డయాలసిస్ చేయించుకునేవారికి పత్యం పేరుతో పస్తులు వద్దు: అపోహలు - వాస్తవాలు

నేను డైటీషియన్‌ని. శ్రీకాకుళం వైపు ఒక డయాలసిస్ యూనిట్‌లో పనిచేస్తున్నాను. మా దగ్గరికి ఉద్దానం ఊళ్ల నుంచి వచ్చేవారే ఎక్కువ. మొన్న ఒకాయనకి డయాలసిస్ జరుగుతుండగా ఆయన భార్య క్యారేజీ మూత తీసింది. పై గిన్నెలో చారన్నం, కింది గిన్నెలో నాలుగు పొట్లకాయ ముక్కలు. "గుడ్డేమైనా పెడుతున్నావా అమ్మా?" అని అడిగితే ఉలిక్కిపడింది. "గుడ్డు, మాంసం, పప్పు అన్నీ తగ్గించేయమని డాక్టరు గారే చెప్పినారు కదా మేడమ్!"

డాక్టరు గారు అలా చెప్పిన మాట నిజమే. కానీ చెప్పింది రెండేళ్ల కిందట, డయాలసిస్ మొదలవ్వకముందు. ఆ తర్వాత ఆ పత్యం ఎత్తేశామని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

అపోహ: కిడ్నీ జబ్బు ఉంటే ప్రోటీన్ ముట్టకూడదు

డయాలసిస్‌కి ముందు ప్రోటీన్ తగ్గిస్తాం, కిడ్నీల మీద భారం తగ్గాలని. డయాలసిస్ మొదలయ్యాక లెక్క తిరగబడుతుంది. మెషీన్ రక్తంలోని మలినాలతో పాటు అమైనో ఆమ్లాల్ని, అంటే ప్రోటీన్ తయారయ్యే ముడిసరుకుని కూడా లాగేస్తుంది. ఒక్కో డయాలసిస్‌కి సుమారు 6 నుంచి 12 గ్రాములు పోతాయి. పొట్ట ద్వారా చేసే డయాలసిస్‌లోనైతే రోజూ ప్రోటీన్ పోతూనే ఉంటుంది. అందుకే కిలో బరువుకి రోజుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములన్నమాట. గుడ్డుకి 6 గ్రాములు వస్తాయి. మూడు పూటలా చారన్నమే తింటే ఆ లెక్కలో సగం కూడా రాదు.

ఆ క్యారేజీ తెచ్చినావిడ భర్త చెయ్యి పట్టుకుని చూశాను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ ఉండాల్సిన చోట గుంట పడింది. బరువు మాత్రం ఆరు నెలలుగా ఏమీ తగ్గలేదు, ఇంట్లోవాళ్లకి అదే ధైర్యం. కండ కరిగిన చోటికి నీరు చేరితే కాటా అదే అంకె చూపిస్తుంది. ఆయనకి పడుకుంటే ఆయాసం వస్తోంది. డాక్టరు గారు డ్రై వెయిట్, అంటే ఒంట్లో అదనపు నీరు లేకుండా ఉండాల్సిన బరువు, తగ్గించాల్సి వచ్చింది. రక్తంలో ప్రోటీన్ ఎంతుందో చూపే అల్బుమిన్ రిపోర్టు కూడా అదే చెప్పింది. రోజూ రెండు మూడు గుడ్ల తెల్లసొన, చేపో కోడిమాంసమో ఒక పూట మితంగా పెట్టమన్నాను. కిడ్నీలు పనిచేయకపోతే ఒంట్లో పేరుకుపోయే ఫాస్ఫరస్ తెల్లసొనలో చాలా తక్కువ, అందుకే మొదట దాన్నే చెబుతాను.

అపోహ: కొబ్బరినీళ్లు ఎవరికైనా మంచివే

ఇది చెప్పేటప్పుడు నాకు గుండె బరువెక్కుతుంది. గుడ్డంటే భయపడేవాళ్లు కొబ్బరినీళ్లకి భయపడరు. ఉద్దానంలో పెరట్లోనే కొబ్బరిచెట్లు. నీరసంగా ఉన్నాడని కొడుకు ప్రేమగా బోండాం కొట్టి ఇస్తాడు. ఒక్క బోండాంలో 500 మిల్లీగ్రాముల పైనే పొటాషియం ఉంటుంది. మూత్రం రాని మనిషికి అది బయటికి పోయే దారి లేదు. పొటాషియం బాగా పెరిగితే కాళ్లు చచ్చుబడినట్టవుతాయి, గుండె ఆగిపోవచ్చు. అలా అనిపిస్తే తర్వాతి డయాలసిస్ దాకా ఆగకండి, వెంటనే ఆసుపత్రికి వచ్చి ఈసీజీ తీయించుకోండి.

రక్తం పడుతుందని తాగించే బీట్‌రూట్ జ్యూస్, ఖర్జూరాలు కూడా ఇలాంటివే. ఇక్కడ రక్తం తగ్గడానికి అసలు కారణం కిడ్నీలు తయారుచేయాల్సిన ఎరిత్రోపాయిటిన్ అనే, రక్తం పుట్టించే హార్మోన్ చాలకపోవడం. దానికి ఇంజెక్షన్, ఐరన్ కావాలి. స్టార్ ఫ్రూట్ అసలు నోట పెట్టొద్దు. అందులోని విషపదార్థం మెదడుకి ఎక్కుతుంది. ఆగని వెక్కిళ్లతో మొదలై ఫిట్స్ దాకా పోతుంది.

కూరగాయలు చిన్న ముక్కలు కోసి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోసి తాలింపు పెట్టుకోండి. కుక్కర్‌లో కొద్ది నీళ్లతో ఉడికించి ఆ నీళ్లతోనే వండితే పొటాషియం కూరలోనే ఉండిపోతుంది.

అపోహ: సైంధవ లవణం, తక్కువ సోడియం ఉప్పు వాడితే చాలు

సైంధవ లవణం కూడా ఉప్పే. తక్కువ సోడియం ఉప్పు ఇంకా ప్రమాదం, సోడియం బదులు అందులో కలిపేది పొటాషియం.

అపోహ: నీళ్లు ఎంత తాగినా మెషీన్ తీసేస్తుంది

తీస్తుంది. కానీ రెండు మూడు రోజుల నీటిని నాలుగు గంటల్లో లాగాలి. 60 కిలోల మనిషి నుంచి 3 లీటర్లకు మించి లాగితే బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, గుండె దెబ్బతింటుంది. ముందురోజు ఎంత మూత్రం వచ్చిందో ఆ కొలతకి అర లీటరు కూడితే ఎంతో, ఈ రోజు అంతే తాగండి. టీ, మజ్జిగ, చారు, ఐసుముక్క అన్నీ ఆ లెక్కలోవే. దాహానికి అసలు మూలం ఆవకాయ, ఎండుచేప, అప్పడం. ఉప్పు తగ్గించకుండా నీళ్లు తగ్గించమని పోరు పెట్టడం మనిషిని హింసించడమే. సోమ, బుధ, శుక్రవారాల్లో వచ్చేవారు ఆదివారం మరీ జాగ్రత్తగా ఉండాలి. వారం మొత్తంలో పెద్ద ఎడం అదే, విందు భోజనమూ ఆ రోజే.

అపోహ: ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర ఎప్పుడు వేసుకున్నా ఒకటే

అది అన్నంతో కలిసి కడుపులో ఉంటేనే పనిచేస్తుంది, అందుకే ముద్దల మధ్యలో వేసుకోవాలి. ఖాళీ కడుపున వేసుకుంటే తిండిలోని ఫాస్ఫరస్‌ని పట్టుకోలేదు. ఫాస్ఫరస్ పెరిగితే ఒళ్లు దురద పెట్టొచ్చు, అందుకే రాత్రంతా ఒళ్లు దురద అని కొబ్బరినూనె రాసుకుంటూ వచ్చేవాళ్లని ముందు అడిగేది ఈ మాత్ర గురించే.

షుగర్ ఉన్నవారికి ఒక మాట. కిడ్నీలు పనిచేయనప్పుడు ఇన్సులిన్ ఒంట్లో ఎక్కువసేపు నిలుస్తుంది, షుగర్ హఠాత్తుగా పడిపోవచ్చు. చెమటలు పట్టి కళ్లు తిరిగితే బత్తాయి రసం ఇవ్వకండి, అందులో పొటాషియం ఉంటుంది. మనిషి మింగగలిగే స్థితిలో ఉంటే మూడు నాలుగు చెంచాల పంచదార కొద్ది నీళ్లలో కలిపి తాగించండి. మింగలేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి.