రెండో కార్డు స్లాట్ దగ్గర మొదలైన తగువు

మాఘం ముహూర్తాలు దగ్గరపడేసరికి విశాఖ ఫొటోగ్రాఫర్లలో పాత తగువు మళ్లీ రాజుకుంది. పెద్ద పెళ్లిళ్లు ఒప్పుకునే యూనిట్లు రోజు పేమెంటు మీద మనుషుల్ని పిలిచేటప్పుడు "సోనీ బాడీ ఉన్నవాళ్లే చెప్పండి" అంటున్నాయి. బాడీ అంటే లెన్స్ కాక మిగిలిన కెమెరా. పదిహేనేళ్లుగా క్యానన్‌తో బతుకుతున్నవాళ్లకి ఇది కడుపు మీద కొట్టడమే. ఫొటో తీసేది కెమెరానా, మనిషా అని వాళ్లు అడుగుతున్నారు. మూడు కెమెరాల ఫుటేజీ మూడు రంగుల్లో వస్తే ఎడిటింగ్ దగ్గర రాత్రుళ్లు కూర్చోవాల్సింది మేమే కదా అని యూనిట్ల వాళ్లు అంటున్నారు. రంగుల ఇబ్బంది నిజమే. కానీ తగువు పుట్టింది రంగుల దగ్గర కాదు.

ఫిల్మ్ పోయి డిజిటల్ వచ్చిన కథ అందరికీ తెలుసు కాబట్టి దాన్ని వదిలేస్తున్నాను. చూడాల్సింది 2018ని.

ఆ ఏడాది ఆగస్టులో నికాన్ జెడ్ 6, జెడ్ 7లను, సెప్టెంబరులో క్యానన్ ఈఓఎస్ ఆర్‌ను ప్రకటించాయి. రెండు కంపెనీలకూ, 35 ఎంఎం ఫిల్మ్ అంత పెద్ద సెన్సర్ ఉండే ఫుల్ ఫ్రేమ్‌లో లోపల అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాలు అవే మొదలు. నికాన్ 1959 నుంచి, క్యానన్ 1987 నుంచి నడిపిస్తున్న లెన్స్ మౌంట్లను, అంటే లెన్స్ బాడీకి తగిలే అమరికను, పక్కనపెట్టి కొత్త మౌంట్లు తెచ్చాయి. పాత లెన్సులు అడాప్టర్ పెట్టుకుంటే నడుస్తాయి, ముఖ్యంగా క్యానన్‌వి చాలా బాగా నడుస్తాయి. అక్కడ ఎవరికీ ఫిర్యాదు లేదు. ఫిర్యాదంతా కార్డు దగ్గర. ఆ మూడు కెమెరాల్లోనూ మెమరీ కార్డు పెట్టే స్లాట్ ఒక్కటే. అదే ఏడాది ఫిబ్రవరిలో సోనీ ప్రకటించిన ఏ7 త్రీలో రెండు.

పెళ్లి తీసేవాడికి ఆ రెండో స్లాట్ అంటే ఏమిటో బయటివాళ్లకి చెప్పాలి. మన ముహూర్తాలు చాలావరకు రాత్రి పూటే. జీలకర్ర బెల్లం పెట్టే సమయం నిమిషాలతో సహా పంతులుగారు ముందే రాసి ఉంచుతారు. ఆ క్షణం మళ్లీ రాదు, ఇంకోసారి పెట్టమని అడగలేం. రెండు స్లాట్లు ఉంటే ఒకే ఫొటో రెండు కార్డుల్లోనూ పడుతుంది, ఒకటి చెడిపోయినా రెండోది ఉంటుంది. 2019లో భీమిలి రోడ్డులో ఒక పెళ్లి తీశాను. నా కెమెరాకి ఒకటే స్లాట్. తలంబ్రాల మధ్యలో కార్డు ఎర్రర్ చూపించింది. తర్వాత రికవరీలో సగం ఫొటోలే వచ్చాయి. పెళ్లికూతురు నాన్నగారు ఒక్క మాట కూడా అనలేదు. ఆల్బమ్ చూసి, మూసి, పక్కన పెట్టారు. ఆ తర్వాత ఒక్క స్లాట్ బాడీతో నేను ఏ పెళ్లికీ వెళ్లలేదు.

బ్యాటరీ లెక్క కూడా అలాగే ఉంది. ఒక చార్జికి ఎన్ని ఫొటోలన్న ప్రామాణిక లెక్కలో, వెనక స్క్రీన్ చూస్తూ తీస్తే, ఏ7 త్రీకి 710, ఈఓఎస్ ఆర్‌కి 370, జెడ్ 6కి 380. నిజంగా తీసేటప్పుడు ఎవరికైనా ఇంతకంటే ఎక్కువే వస్తాయి, కానీ తేడా మాత్రం అలాగే ఉంటుంది. సాయంత్రం స్నాతకం నుంచి తెల్లవారి అప్పగింతల దాకా నిలబడేవాడికి ఆ తేడా చేతికి తెలుస్తుంది.

ఇందులో బాధాకరమైన సంగతి ఒకటుంది. పెళ్లి వీడియోకి సినిమా అందం తెచ్చింది క్యాననే. 2008లో వచ్చిన ఫైవ్ డీ మార్క్ టూ 21 మెగాపిక్సెళ్ల ఫొటోలు తీస్తూనే, ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ మీద ఫుల్ హెచ్‌డీ వీడియో కూడా ఇచ్చింది. వెనకంతా మసకగా కరిగిపోయి మొహం ఒక్కటే నిలబడే ఆ చిత్రం మామూలు వీడియో కెమెరాలో వచ్చేది కాదు. మా ఊళ్లో "సినిమాటిక్" అన్న మాట రేటు కార్డుల్లోకి ఎక్కడానికి కారణం అదే. పదేళ్ల తర్వాత అదే కంపెనీ ఈఓఎస్ ఆర్‌లో 4కే వీడియో పెట్టింది, కానీ సెన్సర్ మధ్య భాగాన్నే వాడుకునేలా పెట్టింది. క్రాప్ 1.7 రెట్ల పైమాట. 24 ఎంఎం లెన్స్ పెడితే సుమారు 42 ఎంఎంలా చూస్తుంది. చుట్టాలంతా మండపాన్ని చుట్టుముట్టాక వెనక్కి జరగడానికి అడుగు చోటుండదు. అక్కడ వైడ్ లేకపోతే పెళ్లికొడుకు ఫ్రేములో ఉంటే పంతులుగారు ఉండరు.

ఇక లెన్సులు. సోనీ తన లెన్స్ మౌంట్ అయిన ఈ-మౌంట్ (E-mount) ప్రాథమిక వివరాలను 2011లోనే ఇతర తయారీదారులకు ఇచ్చింది. దాతృత్వమేం కాదు, లెన్సులు తయారుచేసే టామ్రాన్‌లో సోనీకి వాటా కూడా ఉంది. కారణమేదైనా, 2018లోనే టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 లెన్స్ వచ్చింది. బరువు 550 గ్రాములు, అమెరికాలో ధర 800 డాలర్ల లోపు. అప్పు చేసి కిట్ కొనుక్కునే కుర్రాడికి అది తలుపు తెరిచింది. పాత క్యానన్ లెన్సులున్నవాళ్లు కూడా అడాప్టర్ పెట్టి వాటిని సోనీ బాడీ మీద చాలావరకు నడుపుకున్నారు. ముందు బాడీ మారింది, లెన్సులు ఒక్కొక్కటిగా తర్వాత మారాయి.

క్యానన్ తన ఆర్‌ఎఫ్ మౌంట్ తలుపు మూసే ఉంచింది. 2022లో విల్ట్రాక్స్ అనే లెన్సుల కంపెనీ తన ఆటోఫోకస్ ఆర్‌ఎఫ్ లెన్సుల అమ్మకం ఆపాల్సి వచ్చింది. అవి తన పేటెంట్లను ఉల్లంఘిస్తున్నాయన్నది క్యానన్ వాదన. 2024లో లెన్సులు చేసే సిగ్మా, టామ్రాన్‌లకు అనుమతి దొరికినా, అప్పుడు ప్రకటించినవన్నీ చిన్న సెన్సర్ బాడీల లెన్సులే. అదే 2024లో క్యానన్ స్వయంగా 28-70 ఎఫ్ 2.8 లెన్సును 495 గ్రాముల బరువుతో, అందుబాటు ధరలో తెచ్చింది. మంచి లెన్సు. ఆరేళ్లు ఆలస్యం.

క్యానన్ వాళ్ల మాట కూడా చెప్పాలి. 2020లో వచ్చిన ఆర్6లో రెండు స్లాట్లు పెట్టారు. చర్మం రంగు నేరుగా కెమెరాలోంచి వచ్చే తీరుకి మా దగ్గర ఇప్పటికీ అభిమానులున్నారు. ఇంకో సంగతి సముద్రం ఒడ్డున పనిచేసేవాళ్లకే తెలుస్తుంది. ఈఓఎస్ ఆర్‌లో కెమెరా ఆపి లెన్స్ తీసినప్పుడు షట్టర్ మూసుకుని సెన్సర్‌కి అడ్డంగా నిలుస్తుంది. ఏ7 త్రీలో సెన్సర్ గాలికి తెరుచుకునే ఉంటుంది. రుషికొండలోనో యారాడలోనో ప్రీ వెడ్డింగ్ చేస్తూ ఉప్పుగాలిలో లెన్స్ మార్చినవాడు ఈ తేడాని చిన్నదనడు.

నికాన్ వాళ్ల గొంతు ఈ గొడవలో పెద్దగా వినపడదు. జెడ్ 6 టూ, జెడ్ 7 టూలలో 2020లోనే రెండో స్లాట్ వచ్చేసింది. 2021లో మెకానికల్ షట్టరే లేని జెడ్ 9తో వాళ్లు గట్టిగా నిలబడ్డారు. నౌకాదళ విన్యాసాలప్పుడు ఆర్కే బీచ్‌లో పొడవాటి లెన్సులతో నిలబడేవాళ్లని చూస్తే వాళ్ల అభిమానులు కనిపిస్తారు. పెళ్లి పేమెంట్ల గొడవ వాళ్లని అంతగా తాకలేదు.

కాబట్టి "సోనీ ఉన్నవాళ్లే" అన్న షరతు ఇవాళ్టి కెమెరాలను చూసి పెట్టింది కాదు. 2018 నుంచి 2020 దాకా ఆ రెండేళ్లలో యూనిట్లు కొన్న బాడీలు, పంచుకునే బ్యాటరీలు, తర్వాత రంగులు దిద్దుకోవడానికి వీలుగా వెలిసినట్టు రికార్డయ్యే సోనీ వీడియో పద్ధతి ఎస్-లాగ్‌కి అలవాటుపడిన ఎడిటర్లు, వీటన్నిటి మీదా నిలబడి ఉంది. ఆర్6 పట్టుకున్న మనిషిని దానితో ఆపడం న్యాయం కాదని నా అభిప్రాయం. రెండు స్లాట్లు ఉండాలని అడగొచ్చు, లాగ్‌లో తీయమని అడగొచ్చు. పేరు అడగడమెందుకు?

రంగులు కలపడం అసాధ్యమేమీ కాదు. పెళ్లికి ముందు అన్ని కెమెరాలనూ ఒకే లైటు కింద పెట్టి, వైట్ బ్యాలెన్స్‌ని కాంతి రంగు కొలత అయిన కెల్విన్‌లో ఒకే అంకెకి కట్టేసి, రంగుల గడులున్న కలర్ చార్ట్ ఒకటి తీసి ఎడిటర్‌కి ఇస్తే క్యానన్ ఫుటేజీ సోనీ పక్కన చాలావరకు కూర్చుంటుంది. గంట, గంటన్నర పని. ఆ గంటన్నర ఎవరు కూర్చోవాలి, దాని డబ్బులు ఎవరు భరించాలి అన్న దగ్గరే ఇప్పుడు మాటలు ఆగి ఉన్నాయి.