స్లైడు మీద కరిగిపోయిన కొవ్వు

మెదడు ముక్కని మైక్రోస్కోపు కింద చూడాలంటే ముందు ఫార్మలిన్‌లో నానబెడతారు, ఆల్కహాల్‌లో ముంచి నీరంతా లాగేస్తారు, తర్వాత జైలీన్ అనే ద్రావకంలో వేసి, కరిగిన మైనం పట్టించి, అది గట్టిపడ్డాక ఉల్లిపొర కన్నా పల్చగా కోస్తారు. పాథాలజీ ల్యాబుల్లో రోజూ జరిగే పనే. కానీ ఆల్కహాల్‌కీ జైలీన్‌కీ కొవ్వు కరిగిపోతుంది, కణంలో కొవ్వు చుక్క ఉన్నచోట స్లైడు మీద ఖాళీ గుంట మిగులుతుంది. ఆ కొవ్వు కనబడాలంటే ముక్కని గడ్డకట్టించి కోసి, కొవ్వుకి పట్టే ఎర్ర రంగు వెయ్యాలి.

మతిమరుపు జబ్బు అల్జీమర్స్‌కి ఎవరి పేరు పెట్టారో, ఆ జర్మన్ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ ఆ కొవ్వు చూశాడు. 1906లో చనిపోయిన ఆగస్టె డేటర్ అనే రోగి మెదడు గురించి 1907లో ఆయన రాసిన చిన్న పేపర్లో కణాల బయటి మచ్చలూ, న్యూరాన్లలో (నాడీకణాల్లో) చిక్కుపడ్డ పోగులూ ఉన్నాయి, న్యూరాన్లకి తోడుగా ఉండే గ్లియా కణాల్లో పెద్ద కొవ్వు సంచులున్నాయన్న మాట కూడా ఉంది. మొదటి రెండూ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాయి. మూడోది చాలాకాలం పక్కన పడిపోయింది, నాకైతే అది పెద్ద నష్టమే అనిపిస్తుంది.

ఎందుకంటే నీరు తీసేస్తే మెదడు బరువులో సగానికి పైగా కొవ్వు పదార్థాలే. ఒంటి బరువులో 2 శాతం ఉండే మెదడులో ఒంట్లోని కొలెస్ట్రాల్ సుమారు 20 శాతం ఉంటుంది. అది మనం తిన్న నెయ్యి నుంచి వచ్చింది కాదు, రక్తంలోని కొలెస్ట్రాల్‌ని మెదడు లోపలికి దాదాపుగా రానివ్వదు. ఆస్ట్రోసైట్లనే కణాలు అక్కడే తయారుచేస్తాయి, అపో-ఇ అనే ప్రోటీన్ దాన్ని న్యూరాన్లకి మోసుకెళ్తుంది.

ఈ ప్రోటీన్ జన్యువులో ఇ4 రకం ఉన్నవాళ్లకి అల్జీమర్స్ ముప్పు ఎక్కువని 1993లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు చెప్పారు. యూరప్ మూలాలున్న జనంలో ఒక కాపీ ఉంటే సుమారు 3 రెట్లు, రెండుంటే 8 నుంచి 12 రెట్లు. ఉన్నంతమాత్రాన జబ్బు వచ్చి తీరుతుందని కాదు.

2024లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు రెండు ఇ4 కాపీలున్న రోగుల మెదళ్లు చూస్తే, చెత్త ఊడ్చాల్సిన మైక్రోగ్లియా కణాలే మచ్చల దగ్గర కొవ్వు చుక్కలు నింపుకుని కనిపించాయి. అలాంటి కణాల్ని ల్యాబులో పెంచి, అవి విడిచిన ద్రవాన్ని తీసి న్యూరాన్ల మీద పోశారు. న్యూరాన్లలో ఆ చిక్కుపడ్డ పోగులకి మూలమైన టావ్ ప్రోటీన్ జబ్బులో మారినట్టే మారింది, న్యూరాన్లు చనిపోయాయి కూడా! అంటే ఆ కొవ్వు జబ్బు వల్ల మిగిలిన మడ్డి మాత్రమే కాకపోవచ్చు, జబ్బుని ముందుకి తోస్తూ ఉండొచ్చు.

పార్కిన్సన్స్‌లోనూ ఇలాంటి దారే ఉంది. గౌషర్ జబ్బులో ఒక రకం కొవ్వుని విరగ్గొట్టే ఎంజైమ్ సరిగా పనిచెయ్యదు, అందుకు రెండు జన్యు కాపీలూ చెడాలి. ఒక్కటే చెడిన తల్లిదండ్రులకీ తాతలకీ ఏమీ కాదనుకునేవాళ్లు. కానీ ఆ కుటుంబాల్లో పెద్దవాళ్లకి చేతులు వణకడం, నడక నెమ్మదించడం లాంటి పార్కిన్సన్స్ లక్షణాల్ని డాక్టర్లు గమనించారు. 2009లో 16 కేంద్రాలు కలిసి 5 వేల మందికి పైగా పార్కిన్సన్స్ రోగుల్ని పరీక్షిస్తే, ఆ జన్యువులో లోపం మామూలువాళ్లలో కన్నా 5 రెట్లకు పైగా కనిపించింది.