విదేశీ సాయం: ఖాతాలు చూసే మనిషి చెప్పే అపోహలు - వాస్తవాలు

దాతల నిధులతో నడిచే ఆరోగ్య ప్రాజెక్టుల ఖాతాలు చూడడం నా వృత్తి. నలుగురిలో ఈ మాట బయటపెడితే చాలు, రెండు వాదనలు మొదలవుతాయి. "ధనిక దేశాలు దోచుకుపోయిందే కదా, వెనక్కి ఇస్తే తప్పేంటి" అని ఒకరు, "ఎంత పోసినా ఆ దేశాలు బాగుపడవు" అని ఇంకొకరు. ఇద్దరూ మాట్లాడేది మొత్తం గురించే. వోచర్లు తిరగేసేవాళ్ల అనుమానాలు వేరుగా ఉంటాయి. ఈ డబ్బును ఏ పద్దు కింద రాశారు, ఏ షరతు మీద ఇచ్చారు, చివరికి ఎవరి ఖాతాలో పడింది? తరచూ వినే మాటల్ని ఆ వైపు నుంచి చూస్తాను.

అపోహ: ధనిక దేశాలు తమ బడ్జెట్లో పెద్ద వాటా బయటికి పంపేస్తున్నాయి.

ఫెడరల్ బడ్జెట్లో విదేశీ సాయం వాటా ఎంతని సర్వేల్లో అడిగితే అమెరికన్ల సగటు అంచనా పావు వంతు దాకా వెళ్తుంది. ఏళ్ల తరబడి అసలు లెక్క మాత్రం ఒక శాతం దగ్గరే ఉంది.

జాతీయాదాయంలో 0.7 శాతం ఇవ్వాలన్న లక్ష్యాన్ని ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 1970లో ఆమోదించింది. ఆ దశాబ్దం సగానికల్లా అందుకోవాలన్నారు. 2024లో ఆ గీత దాటినవి నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్ మాత్రమే. దాత దేశాలన్నింటినీ కలిపి చూస్తే 0.33 శాతం, అంటే వంద రూపాయల ఆదాయానికి ముప్పై మూడు పైసలు. బ్రిటన్ అయితే 2015లో ఏకంగా చట్టమే చేసుకుంది. 2021లో 0.5కు దిగింది, 2027కల్లా 0.3కు దిగుతానని 2025లో ప్రకటించింది. ఆ చట్టాన్ని రద్దు చేయాల్సిన అవసరం కూడా రాలేదు. లక్ష్యం తప్పితే మంత్రి పార్లమెంటుకు సంజాయిషీ ఇవ్వాలని మాత్రమే అందులో ఉంది.

అపోహ: సాయం అని లెక్కలో చూపించిన డబ్బంతా పేద దేశానికి చేరుతుంది.

నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద అపోహ ఇదే. కొత్తగా ఈ రంగంలోకి వచ్చిన పిల్లలు కూడా ఇక్కడే తికమక పడతారు.

"అధికారిక అభివృద్ధి సాయం" అంటే ఏమిటో నిర్వచించేది ధనిక దేశాల కూటమి ఓఈసీడీలోని ఒక కమిటీ. ఇచ్చేవాళ్లే కూర్చుని, ఇచ్చినట్టు దేన్ని రాసుకోవచ్చో తేల్చుకుంటారన్నమాట. ఆ నియమాల ప్రకారం ఒక శరణార్థి తమ దేశానికి చేరిన మొదటి ఏడాదిలో అతని తిండికీ, వసతికీ పెట్టిన ఖర్చును విదేశీ సాయం కింద చూపించవచ్చు. 2022లో ఉక్రెయిన్ నుంచి జనం వెల్లువలా వచ్చారు. ఆ ఏడాది మొత్తం సాయంలో దాదాపు 14 శాతం ఇలా దాత దేశాల్లోనే ఖర్చయింది. శరణార్థికి అన్నం పెట్టడం మంచిపనే. కాకపోతే ఆఫ్రికాలోని మలావీ పల్లెలో ఆసుపత్రికి పోవాల్సిన పద్దులోంచి ఆ అన్నం పెట్టామని చెప్పుకోవడంతోనే నాకు పేచీ.

ఇక ముడిపెట్టిన సాయం. మేం డబ్బిస్తాం, సరుకు మాత్రం మా కంపెనీల దగ్గరే కొనాలి అన్న షరతు. దీనివల్ల ఖర్చు 15 నుంచి 30 శాతం దాకా పెరుగుతుందని ఓఈసీడీయే ఒప్పుకుంటుంది. అమెరికా పంపే ఆహార ధాన్యంలో కనీసం సగం అమెరికా జెండా ఉన్న ఓడల్లోనే వెళ్లాలని వాళ్ల చట్టం. కిరాయి ఎక్కువైతే ఆ మేరకు ధాన్యం తగ్గుతుంది.

మలేషియాలోని పెర్గావ్ ఆనకట్ట కథ ఈ రంగంలో అందరికీ తెలియాలి. ఆ ప్రాజెక్టు గిట్టుబాటు కాదని తమ అధికారులే చెప్పినా బ్రిటన్ ప్రభుత్వం 23.4 కోట్ల పౌండ్లు కేటాయించింది. వెనకాల ఆయుధాల అమ్మకం ఒప్పందం ఉందని తర్వాత బయటపడింది. 1994లో లండన్ హైకోర్టు ఆ కేటాయింపు చట్టవిరుద్ధమని తీర్పిచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకు బ్రిటన్ తన సాయాన్ని కంపెనీల ముడి నుంచి విప్పేసింది. కోర్టు మెట్లెక్కితే గానీ మారని విషయాలు అక్కడా ఉంటాయి!

అప్పులు కూడా ఇందులో భాగమే. హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ శుద్ధికి జపాన్ ఇచ్చింది గ్రాంటు కాదు, తక్కువ వడ్డీ అప్పు. అదీ సాయమే, అయితే తిరిగి కట్టాల్సిన సాయం. 2018 దాకా అప్పు మొత్తాన్నీ ముందు సాయంగా రాసి, తిరిగి వచ్చిన వాయిదాల్ని తర్వాత తీసేసేవాళ్లు. ఇప్పుడు అందులో రాయితీ భాగాన్ని మాత్రమే లెక్కిస్తున్నారు. ఈ మార్పు మంచిదే.

అపోహ: ఎంత ఇచ్చినా నాయకులు తినేస్తారు, ఫలితం శూన్యం.

తినేది నిజం. సాయం మీద బాగా ఆధారపడ్డ 22 దేశాల్ని ప్రపంచ బ్యాంకు పరిశోధకులు పరిశీలించి, 2020లో ఒక పత్రం వెలువరించారు. సాయం అందిన సమయానికి అటూ ఇటూగా, అందులో సగటున 7.5 శాతానికి సమానమైన డబ్బు రహస్య ఖాతాలున్న దేశాలకు చేరుతోందని తేలింది. ఆ దేశాలు ఏవి? స్విట్జర్లాండ్, లక్సెంబర్గ్ వగైరా. అవును, 0.7 శాతం దాటినవాళ్ల జాబితాలో ఇందాక చూసిన లక్సెంబర్గే. దొంగను తిట్టేవాళ్లు దొంగసొత్తు దాచిపెట్టినవాణ్ని కూడా ఒక మాట అనాలి కదా.

ఫలితం శూన్యం అన్నది మాత్రం అబద్ధం. 2000 ప్రాంతంలో హెచ్ఐవీ మందులకు ఒక రోగికి ఏడాదికి పది వేల డాలర్ల పైమాటే. 2001లో మన సిప్లా కంపెనీ 350 డాలర్లకు ఇస్తామంది. 2003లో అమెరికా హెచ్ఐవీ చికిత్సకు డబ్బిచ్చే పెప్‌ఫార్ పథకం ప్రకటించింది. మొదట్లో ఎక్కువగా పేటెంటున్న బ్రాండెడ్ మందులే కొన్నారు. 2004లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ జనరిక్ మందుల్ని త్వరగా పరిశీలించి అనుమతించే దారి తెరిచింది. కొన్నేళ్లలోనే కొనుగోళ్లలో అత్యధిక భాగం జనరిక్కులయ్యాయి. హైదరాబాద్ కంపెనీలు హెటిరో, అరబిందో అక్కణ్నుంచే పెద్ద సరఫరాదారులుగా ఎదిగాయి. హెచ్ఐవీ మందు డోలుటెగ్రావిర్‌తో కలిపి మూడు మందులున్న ఒకే మాత్రకు 2017లో అనుమతి పొందిన తొలి కంపెనీల్లో అరబిందో ఒకటి. ఇప్పుడు ఒక రోగికి ఏడాది ఖర్చు 50 డాలర్ల లోపే. ఈ పథకం రెండున్నర కోట్ల ప్రాణాలు నిలబెట్టిందని అమెరికా ప్రభుత్వ అంచనా.

ఇచ్చింది అమెరికా పన్ను కట్టేవాళ్లు, మాత్ర తయారైంది మన దగ్గర, మింగింది ఆఫ్రికా రోగి. కొనుగోలు నియమం ఒక్కటి మారినందుకే అంతే డబ్బు ఎన్నో రెట్లు ఎక్కువమందికి అందింది.

అపోహ: సాయం మరిగితే ఆ దేశాలు ఇక లేవవు.

1960లలో మన దేశం పీఎల్-480 అనే అమెరికా ఆహార సాయ చట్టం కింద వచ్చిన గోధుమల మీద బతికింది. 1966లో దాదాపు కోటి టన్నుల ధాన్యం దిగుమతి చేసుకున్నాం. బడుల్లో గోధుమరవ్వ ఉప్మా, పాలపొడి పాలు తాగి పెరిగినవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వియత్నాం యుద్ధం మీద మన విమర్శలు నచ్చక ప్రెసిడెంట్ జాన్సన్ ఓడల్ని కొద్దికొద్దిగా వదలడం మొదలుపెట్టాడు. ఆ అవమానం కూడా హరిత విప్లవానికి ఒక తోపు అయింది. దక్షిణ కొరియా సాయం తీసుకుని ఎదిగి, 2010లో దాత దేశాల కమిటీలో కుర్చీ వేసుకుంది. టీకాల కూటమి గావి దగ్గర పద్ధతి స్పష్టం: ఆదాయం పెరిగేకొద్దీ టీకా ఖర్చులో దేశం వాటా పెరుగుతుంది, చివరికి మొత్తం దానిదే. ఇండోనేషియా అలా బయటికొచ్చి ఇప్పుడు తానే గావికి డబ్బిస్తోంది.

కాబట్టి సాయం ఆగడం తప్పు కాదు. ముందు చెప్పకుండా ఆపడం తప్పు. 2025 జనవరిలో అమెరికా విదేశీ సాయాన్ని ఒక్క ఉత్తర్వుతో నిలిపేసింది. జులై కల్లా ఆ దేశ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ మూతపడింది. హైదరాబాద్‌లో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో మొదలైన మిత్ర్ క్లినిక్ కూడా ఆ దెబ్బకు తలుపులు మూసింది. ఏళ్ల ముందే చెప్పి వాటా తగ్గించుకుంటూ పోయే ఒప్పందానికీ, రాత్రికి రాత్రి ఆగిన చెల్లింపుకూ ఆడిటరే కాదు, నర్సు కూడా తేడా చెప్పగలదు.

అపోహ: మనం తీసుకునేవాళ్లమే తప్ప ఇచ్చేవాళ్లం కాదు.

1964 నుంచే ఐటెక్ పథకం కింద ఇతర దేశాల ఉద్యోగులకు ఇక్కడ శిక్షణ ఇస్తున్నాం. మన సాయంలో పెద్ద వాటా భూటాన్‌ది. మన ప్రభుత్వ ఎగ్జిమ్ బ్యాంకు ఆఫ్రికా దేశాలకిచ్చే రుణాల్లో మన కంపెనీల సరుకు కొనాలన్న షరతూ ఉంటుంది. ముడి విషయంలో మనమూ తక్కువ తినలేదు.

అపోహ: బాధ్యత అంటే డబ్బు పంపడమే.

2023లో తక్కువ, మధ్య ఆదాయ దేశాలకు వలస కార్మికులు పంపిన సొమ్ము దాదాపు 65,600 కోట్ల డాలర్లు. అదే ఏడాది అధికారిక సాయం 22,300 కోట్ల డాలర్ల దగ్గర ఉంది. గల్ఫ్‌లో కష్టపడి జగిత్యాలకో కడపకో పంపేవాళ్ల డబ్బూ ఆ మొదటి లెక్కలోనే ఉంది. పంపే ఖర్చును 2030కల్లా 3 శాతం లోపుకు తేవాలని దేశాలన్నీ ఒప్పుకున్నాయి. ప్రపంచ సగటు ఇంకా 6 శాతం పైనే, ఆఫ్రికాకు పంపాలంటే ఇంకా ఎక్కువ. దాన్ని సగానికి దించడానికి ధనిక దేశాల ఖజానాలోంచి సాయం పద్దు కింద ఒక్క డాలరూ తీయక్కర్లేదు. తమ బ్యాంకులకూ, మనీ ట్రాన్స్‌ఫర్ కంపెనీలకూ నిబంధనలు రాస్తే చాలు.