టేబుల్ మారిందని బఫర్‌కు తెలిసేదెలా?

ఎడిటర్‌లో ఒక పక్క క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న), మరో పక్క బఫర్‌లో (ఎడిటర్ పాఠాన్ని ఉంచే చోటు) దాని ఫలితం పెట్టుకుని పనిచేసేవాళ్లకు, టేబుల్ మారినప్పుడల్లా ఆ ఫలితాన్ని తాజాగా ఉంచడానికి మొదట తట్టే ఉపాయం టైమర్. రెండు సెకన్లకోసారి క్వెరీ నడిపి, పాత వరుసలు తుడిచి, కొత్తవి దించడమే. పని జరుగుతుంది. కానీ నలభయ్యో వరుసలో ఉన్న కర్సర్ ప్రతిసారీ పైకి ఎగిరిపోతుంది, ఏమీ మారకపోయినా డేటాబేస్‌కు చాకిరీ తప్పదు.

ఈమ్యాక్స్ ఎడిటర్‌లో, డేటాబేస్‌ను ఒక ఫైలుగా ఉంచే ఎస్‌క్యూలైట్ లైబ్రరీతో దీన్ని శుభ్రంగా చేయొచ్చు. 2023లో వచ్చిన 29వ వెర్షన్ నుంచి, ఆ లైబ్రరీతో కలిపి కంపైల్ చేసిన ఈమ్యాక్స్ డేటాబేస్‌ను నేరుగా తెరుస్తుంది. ఫైళ్లను తాజాగా ఉంచే ఆటో-రివర్ట్-మోడ్‌నే ఇక్కడా వాడుకోవాలి. ఫైలు లేని బఫర్‌లో అది రెండు ఫంక్షన్ల మీద ఆధారపడుతుంది: ‘పాతబడిందా?’ అన్నదానికి బఫర్-స్టేల్-ఫంక్షన్ జవాబిస్తుంది, మార్చే పని రివర్ట్-బఫర్-ఫంక్షన్‌ది. మామూలుగా 5 సెకన్లకోసారి అడుగుతుంది.

మొదటి ఫంక్షన్‌లో రాయాల్సింది ‘ప్రాగ్మా డేటా_వెర్షన్’ అనే ఎస్‌క్యూలైట్ ఆదేశం ఒక్కటే. అది ఇచ్చే అంకెను దాచుకుని, తర్వాతిసారి వచ్చినదానితో పోల్చాలి. డేటాబేస్‌ను తెరిచిన వేరే కనెక్షన్ ఏదైనా తన మార్పులను కమిట్ చేస్తే (ఖరారు చేస్తే) అంకె మారుతుంది. అయితే ఈ అంకెలకు ఒకే కనెక్షన్‌లోనే అర్థం ఉంటుంది. ప్రతిసారీ కొత్తగా తెరిచి అడిగితే పోలిక చెల్లదు, కాబట్టి కనెక్షన్‌ను తెరిచే ఉంచాలి. అదే కనెక్షన్‌తో మీరు రాసిన మార్పులకు మాత్రం అంకె కదలదు. అప్పుడు చేత్తో రిఫ్రెష్ చేసుకోవాల్సిందే.

ఇంత ఎందుకు, డేటాబేస్ ఫైలును గమనిస్తే పోదా అంటారు. ఎస్‌క్యూలైట్‌లోని వాల్ (రైట్-ఎహెడ్ లాగ్) పద్ధతిలో మార్పులు ముందు పక్కనున్న వాల్ ఫైలులోకి వెళ్తాయి. మామూలు అమరికలో అది 1000 పేజీలకు చేరాక గానీ వాటిని అసలు ఫైలుకు ఎక్కించే చెక్‌పాయింట్ దానంతటది మొదలవదు. అంతవరకు అసలు ఫైలు కదలకపోవచ్చు.

ఇక తెర సంగతి. ఫలితాన్ని తాత్కాలిక బఫర్‌లో రాసి, రీప్లేస్-బఫర్-కంటెంట్స్‌తో అసలు బఫర్‌లోకి తేవాలి. అది తేడా ఉన్నచోటే మారుస్తుంది కనుక కర్సర్ తన వరుసలోనే ఉంటుంది. తేడాలు మరీ ఎక్కువైతే పోల్చడానికే సమయం తినేస్తుంది. 1 సెకను గడువు ఇస్తే, అది దాటగానే మొత్తం చెరిపి రాసేస్తుంది. క్వెరీలో వరుసల క్రమాన్ని చెప్పే ఆర్డర్ బై లేకపోతే ఈ శ్రమంతా వృథా. వరుసల క్రమానికి హామీ ఉండదు.

రెండు చోట్ల జాగ్రత్త. క్వెరీ నడుస్తున్నంతసేపూ ఈమ్యాక్స్ బిగుసుకుపోతుంది, అందుకే 200 వరుసల లిమిట్ పెట్టుకోవడం మేలు. ఫలితాన్ని విడతలుగా చదివే ‘సెట్’ రూపంలో తీసుకుని సగంలో వదిలేస్తే రీడ్ ట్రాన్సాక్షన్ (చదివే లావాదేవీ) తెరిచే ఉండిపోతుంది. చెక్‌పాయింట్ పూర్తికాక వాల్ ఫైలు ఉబ్బుతూ పోతుంది. ఆ సెట్‌ను ఫైనలైజ్ చేయడం (మూసేయడం) మరవకూడదు.

సర్వర్‌గా నడిచే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో దారి వేరు. దానికి ఆదేశాలిచ్చే పీఎస్‌క్యూఎల్ ప్రోగ్రామ్‌లోని వాచ్ ఆదేశం మామూలుగా 2 సెకన్లకోసారి క్వెరీని మళ్లీ నడుపుతుంది, అంటే మళ్లీ టైమరే. టేబుల్ మారినప్పుడు దానంతటది నడిచే ట్రిగ్గర్‌లో కబురు పంపే నోటిఫై పెట్టి, ఇవతల దాన్ని వినడానికి లిజన్ అనడం మెరుగు. కమిట్ అయ్యాకే కబురు బయల్దేరుతుంది. తీరా ఎడిటర్‌లోని పీఎస్‌క్యూఎల్ బఫర్‌లో లిజన్ కొట్టి కూర్చుంటే ఏమీ కనబడదు. కబురు వచ్చే ఉంటుంది గానీ, మీరు ఇంకో ఆదేశం ఇస్తే తప్ప పీఎస్‌క్యూఎల్ దాన్ని తెరమీద పెట్టదు.