బెలూన్ జారిపోతే కాన్పు ఆగినట్టు కాదు

తేదీ దాటినా నొప్పులు రాకపోతే వరంగల్ సీకేఎం ఆస్పత్రికి వెళ్లినా, హనుమకొండ ప్రసూతి ఆస్పత్రికి వెళ్లినా వైద్యులు పరీక్షించి చూడాల్సింది గర్భాశయ ముఖద్వారాన్ని. అది ముక్కు కొనలా గట్టిగా ఉందా, పెదవిలా మెత్తబడిందా? ఎంత తెరుచుకుంది? బిడ్డ తల ఎంత కిందికి దిగింది? వీటికి మార్కులు వేసే పద్ధతిని 1964లో ఎడ్వర్డ్ బిషప్ అనే వైద్యుడు ప్రతిపాదించారు. మార్కులు మరీ తక్కువగా ఉన్నప్పుడు నేరుగా నొప్పుల మందు ఎక్కిస్తే తల్లి అలసిపోవడమే ఎక్కువ. ముందు ముఖద్వారం మెత్తబడాలి.

దానికి మూత్రం కోసం వేసే ఫోలీ గొట్టమే చాలు. సన్నని ఆ గొట్టాన్ని ముఖద్వారం దాటించి, కొసన ఉన్న బెలూన్‌ను 30 నుంచి 80 మిల్లీలీటర్ల స్టెరైల్ నీటితో నింపుతారు. గొట్టాన్ని కాస్త లాగి తొడకు ప్లాస్టర్‌తో అంటిస్తారు. బెలూన్ లోపలి నుంచి ముఖద్వారం మీద ఒత్తుతుంది, ఉమ్మనీటి సంచి పొరను గర్భాశయ గోడ నుంచి కొద్దిగా విడదీస్తుంది. దాంతో ఆ కణజాలమే ముఖద్వారాన్ని మెత్తబరిచే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను విడుదల చేస్తుంది. ముఖద్వారాన్ని బిగించి ఉంచిన కొల్లాజెన్ అనే ప్రోటీన్ అల్లిక వదులవుతుంది. బయటి నుంచి ఏ మందూ ఇవ్వకుండానే ఇదంతా జరగడం నాకు ఎప్పుడూ అబ్బురమే.

ముఖద్వారం సుమారు మూడు సెంటీమీటర్లు తెరుచుకున్నాక బెలూన్ దానంతట అదే జారి వస్తుంది. అప్పటికి నొప్పులు మొదలుకాకపోతే ఇంటివాళ్లు కంగారుపడి, 'ఇక లాభం లేదు, ఆపరేషన్ చేసేయండి' అంటారు. నిజానికి బెలూన్ పని అంతవరకే, అది పూర్తయింది. తర్వాత ఉమ్మనీటి సంచిని చిట్లించడం, నొప్పులు తెప్పించే ఆక్సిటోసిన్ మందు ఎక్కించడం ఉంటాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లే. అంటే మలి కాన్పుకు వచ్చే ఎంతోమంది తల్లుల గర్భాశయం మీద పాత కోత ఉంటుంది. వాళ్లకు ముఖద్వారాన్ని మెత్తబరిచి నొప్పులు తెప్పించే మిసోప్రోస్టాల్ మాత్ర ఇస్తే ఆ కోత చిట్లే ప్రమాదం ఉంది. అందుకే వాళ్ల విషయంలో బెలూన్ విలువ నా దృష్టిలో చాలా ఎక్కువ.

అలాగని అందరికీ ఇదే మేలని కాదు. పొరుగున నాగ్‌పూర్‌లో బీపీ ఎక్కువగా ఉన్న 602 మంది గర్భిణులపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. 24 గంటల్లో సహజ కాన్పు, మిసోప్రోస్టాల్ మాత్ర తీసుకున్నవారిలో 57 శాతానికి, బెలూన్ పెట్టినవారిలో సుమారు 47 శాతానికి జరిగింది.

మాయ కిందికి ఉన్నా, బిడ్డ అడ్డంగా ఉన్నా బెలూన్ పెట్టకూడదు. పాత కోత ఉన్న తల్లికైతే బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ, వెంటనే ఆపరేషన్ చేయగల ఆస్పత్రిలోనే ఈ ప్రయత్నం జరగాలి.