స్టెంట్ వేశాక ఇంటికొచ్చిన గుండె: అపోహలు, వాస్తవాలు

అపోహ: స్టెంట్ వేశారు, జబ్బు తీరిపోయింది.

వాస్తవం: స్టెంట్ అంటే గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం. అది ఆ ఒక్క అడ్డునే తెరుస్తుంది. మిగతా నాళాల్లో కొవ్వు పేరుకోవడం ఆగదు. గుండెపోటు తర్వాత రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్ మామూలుగా 12 నెలలు రాస్తారు. మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టవచ్చు. పన్ను పీకించుకోవాలన్నా గుండె డాక్టరును అడగకుండా ఆపొద్దు. "మర్చిపోకండి" అని చెప్తే చాలదు. ఏడు గదుల మాత్రల డబ్బాను పొద్దున కాఫీ తాగే చోటే పెట్టండి. వారానికి సరిపడా మందులు ఉండగానే కొత్తవి కొనండి.

అపోహ: కదిలితే మళ్లీ పోటు వస్తుంది.

గుండెపోటు తర్వాత మళ్లీ కోలుకునే దశలో అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసే నమ్మకం ఇదే. భయంతో కూర్చుండిపోతే కండరాలు నీరసిస్తాయి, నాలుగు మెట్లకే ఆయాసం వస్తుంది. అది గుండెపోటేనేమో అనిపించి ఉన్న కాస్త నడకా మానేస్తారు. డాక్టరు సరేనన్నాక పూటకు 5–10 నిమిషాలతో మొదలుపెట్టి, వారం వారం పెంచుతూ 30 నిమిషాలకు చేరాలి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. బీటా బ్లాకర్ (గుండె వేగాన్ని తగ్గించే మందు) వాడేవారికి నాడి పెద్దగా పెరగదు, కాబట్టి నాడి లెక్కను నమ్ముకోవద్దు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆపాలి. మొదటిసారి పర్యవేక్షణలో నడిపించేటప్పుడు ఇంట్లోవాళ్లనూ పక్కన నిలబెట్టాలి. "వద్దు, కూర్చో" అనేది ఎక్కువగా వాళ్లే.

అపోహ: దిగులు సహజం, ధైర్యం చెబితే పోతుంది.

వాస్తవం: గుండెపోటు వచ్చినవారిలో దాదాపు ఐదుగురికి ఒకరిలో తీవ్రమైన డిప్రెషన్ ఉంటుంది. గత 2 వారాలుగా చాలా రోజులు దేనిమీదా ఆసక్తి లేకపోయినా, దిగులుగా ఉన్నా డాక్టరుకు చెప్పండి. గుండెరోగుల్లో సెర్ట్రలీన్ అనే డిప్రెషన్ మందు సురక్షితమని 2002లోనే పరిశోధన తేల్చింది. డిప్రెషన్‌కు చికిత్స చేస్తే మళ్లీ గుండెపోటు రాదని మాత్రం రుజువు కాలేదు. అయినా చికిత్స చేయాల్సిందే, ఎందుకంటే దిగులు వల్ల మనిషి మాత్రలూ నడకా మానేస్తాడు.

అపోహ: యోగా ఉంటే మందులు అక్కర్లేదు.

మన దేశంలో 24 ఆస్పత్రుల్లో దాదాపు 4 వేలమందిపై జరిగిన పరిశోధనలో యోగా చేసినవారు ఆరోగ్యం మెరుగైందన్నారు, రోజువారీ పనుల్లోకి బాగా వచ్చారు. అదీ మందులు వాడుతూనే.

రోజుకు ఒక్క సిగరెట్? 20 కాల్చేవారికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఆ ఒక్కదానితోనే వస్తుంది. తగ్గించడం కాదు, పూర్తిగా మానేయాలి. సిగరెట్ మానడానికి చర్మంపై అంటించుకునే నికోటిన్ ప్యాచ్ గురించి డాక్టరును అడగండి.