రోజంతా నడిచే ప్రీస్కూలు: విశాఖ అమ్మానాన్నల్లో అపోహలు, అసలు వాస్తవాలు

ఒకరికి రుషికొండ ఐటీ హిల్స్‌లో ఉద్యోగం, ఇంకొకరికి పరవాడ ఫార్మా సిటీలోనో స్టీల్‌ప్లాంటులోనో షిఫ్టు డ్యూటీ. అలాంటి ఇళ్ల పిల్లల్ని పొద్దున్న నుంచి సాయంత్రం దాకా చూసుకునే ప్రీస్కూల్లో నేను టీచర్‌ని. అడ్మిషన్‌కి వచ్చే తల్లుల్లో చాలామంది ఫీజు సంగతి కంటే ముందు తమ భయం చెప్పుకుంటారు. వాటిలో కొన్ని నిజంగా ఆలోచించాల్సినవే. చాలావరకు మాత్రం ఇంట్లోవాళ్లో ఇరుగుపొరుగువాళ్లో అనేసిన మాటలు.

అపోహ: రోజంతా బయట ఉంటే బిడ్డకు తల్లి మీద మమకారం తగ్గిపోతుంది.

"పసిగుంటని ఎవల చేతుల్లోనో ఎట్టీసి ఎల్లిపోతావేటే" అని అత్తగారు అన్న మాట ఆ కోడల్ని ఆఫీసులో కూడా కుదురుగా కూర్చోనివ్వదు. అమెరికా ప్రభుత్వ పిల్లల ఆరోగ్య సంస్థ ఎన్ఐసీహెచ్‌డీ 1991లో మొదలుపెట్టిన అధ్యయనం ఇదే ప్రశ్నతో 1,300కు పైగా పిల్లల్ని పుట్టినప్పటి నుంచి గమనిస్తూ వచ్చింది. డే కేర్‌లో ఉన్నంత మాత్రాన తల్లీబిడ్డల అనుబంధం దెబ్బతినదని 1997లో ప్రచురించిన ఫలితాల్లో తేలింది. బిడ్డ ఏడుపునీ చూపునీ తల్లి ఎంతగా అర్థం చేసుకుని పలుకుతోందన్నదే ఎక్కువ ప్రభావం చూపింది. ఇంట్లో ఆ పలకరింపు కరువై, బయట చూసేవాళ్లు కూడా సరైనవాళ్లు కానప్పుడే ఇబ్బంది పెరిగింది.

ఇదే అధ్యయనం చెప్పిన ఇంకో సంగతిని నేను తల్లిదండ్రుల దగ్గర దాచను. సెంటర్లలో మరీ ఎక్కువ గంటలు గడిపిన పిల్లల్లో మొండితనం, దురుసుతనం కాస్త ఎక్కువగా కనిపించాయి. తేడా చిన్నదే, అయినా ఉంది. అందుకే నాన్నకు బీ షిఫ్టు పడి పొద్దున్నంతా ఇంట్లో ఉండే రోజున బిడ్డను ఆలస్యంగా తీసుకురమ్మంటాను. ఫీజు కట్టాం కదా అని ఆ పూట కూడా మా దగ్గరే ఉంచేయక్కర్లేదు.

అపోహ: గేటు దగ్గర ఏడుస్తోందంటే ఇక్కడ నచ్చలేదన్నట్టే.

అమ్మ కనిపించకపోతే బెంగపడటం సాధారణంగా ఎనిమిదో నెల ప్రాంతంలో మొదలై, ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య బాగా ముదురుతుంది. ఆ వయసులో ఏడవడం ఆరోగ్యకరమైన సంగతే. మీరు వెళ్లిన కాసేపటికి ఆడుకుంటోందా, తింటోందా, ఆయమ్మ ఎత్తుకుంటే ఊరుకుంటోందా అని మమ్మల్ని అడగండి. గేటు దగ్గర ఏడవకపోయినా, ఆట మీద ధ్యాస లేకుండా రోజంతా ఒక మూల కూర్చునే బిడ్డ గురించే నాకు ఎక్కువ దిగులు.

బొమ్మ చేతికిచ్చి, చూడకుండా జారుకోవడం మాత్రం వద్దు. అలా చేస్తే మర్నాటి నుంచి బిడ్డ మీ మీద నుంచి కన్ను తిప్పదు. "ఐదింటికి వస్తాను" అంటే మూడేళ్ల పిల్లకు అర్థం కాదు. "పడుకుని లేచి పాలు తాగుతావు కదా, ఆ తర్వాత వస్తాను" అనండి. రోజూ అదే మాట చెప్పండి, అన్నట్టే రండి.

అపోహ: పొద్దున్న మూడు గంటలే చదువు, మిగతాదంతా ఊరికే చూసుకోవడం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట ఇది. మధ్యాహ్నం భోజనాలప్పుడు ఒక్కసారి వచ్చి చూడండి. ఎవరి కంచం వాళ్లే తెచ్చుకుంటారు. కూర్చున్నది ఎంతమందో, గ్లాసులు ఎన్ని తక్కువయ్యాయో లెక్కపెట్టే పని ఒకరిది. జగ్గులోంచి ఒలకకుండా నీళ్లు పోసే పని ఇంకొకరిది. "ఇది బీరకాయా, సొరకాయా?" అని వాదన నడుస్తుంది. పప్పన్నం తనంతట తాను కలుపుకుని ముద్ద నోట్లో పెట్టుకోవడానికి రెండేళ్ల బిడ్డ వేళ్లు ఎంత కష్టపడతాయో దగ్గరుండి చూస్తే తెలుస్తుంది. లెక్కలూ మాటలూ చేతి నేర్పూ అన్నీ ఆ అరగంటలోనే ఉన్నాయి. చేతులు కడగడం, చాప మడతపెట్టడం, బాత్రూమ్ వస్తోందని సిగ్గుపడకుండా చెప్పడం, మూడు చక్రాల సైకిలు కోసం కొట్టుకుని మళ్లీ వంతులు వేసుకోవడం కూడా చదువే.

నిద్ర కూడా అంతే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 మార్గదర్శకాల ప్రకారం ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు రోజుకు 11 నుంచి 14 గంటలు, మూడు నాలుగేళ్ల వాళ్లకు 10 నుంచి 13 గంటలు నిద్ర కావాలి. పగటి నిద్ర అందులో కలిసే ఉంటుంది. మే నెల ఉక్కపోతలో మధ్యాహ్నం కునుకు లేకుండా సాయంత్రం దాకా లాక్కొచ్చిన పిల్ల, మీరు ఇంటికి తీసుకెళ్లేసరికి చిరాకుతో ఊగిపోతుంది. "పడుకోబెట్టకండి మేడమ్, రాత్రి పన్నెండు దాకా మేలుకుంటోంది" అంటారు కొందరు. అలాంటప్పుడు కొంచెం తొందరగా కునుకు తీయిస్తాం, పూర్తిగా మాన్పించం.

పొద్దున్నపూట పనిచేసే టీచర్లు ఇంటికి వెళ్లాక పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టే చోట్లు ఉన్నాయి. అవే మార్గదర్శకాలు రెండేళ్ల లోపు పిల్లలకు స్క్రీన్ వద్దంటాయి, ఆ పైన ఐదేళ్ల లోపు వాళ్లకు రోజుకు గంట మించవద్దంటాయి. కాబట్టి ఏ స్కూలుకు వెళ్లినా సాయంత్రం నాలుగింటికి పిల్లలతో ఎవరుంటారో అడగండి. ఆయమ్మలు ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారో అడగండి. నెలకో కొత్త మనిషి వస్తుంటే, గోడల మీద ఎన్ని బొమ్మలు వేసినా బిడ్డకు ఆసరా దొరకదు. చిన్నపిల్లల సంరక్షణ, చదువు గురించిన 2013 జాతీయ ఈసీసీఈ విధానం మూడేళ్ల లోపు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లలో ఇరవైమందికి ఒకరు ఉండాలంది. పాకే వయసు పిల్లలైతే ఒక్క మనిషికి పదిమంది కూడా ఎక్కువేనని నా అభిప్రాయం.

అపోహ: మూడేళ్లకే రాయడం రాకపోతే వెనకబడిపోతుంది.

పుట్టినప్పుడు మణికట్టులోని 8 చిన్న ఎముకలు ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. అవి ఒక్కొక్కటిగా ఏళ్ల తరబడి గట్టిపడతాయి. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల దాకా ఒకే పునాది దశ అంది, ఒకటో తరగతికి ఆరేళ్లు నిండాలంది. వసంత పంచమికో దసరాకో ముచ్చటగా అక్షరాభ్యాసం చేయించండి. మర్నాటి నుంచి పేజీలు నింపించకండి. చిక్కుడుకాయలు ఒలిపించండి, చపాతీ పిండి పిసకనివ్వండి, ఆర్కే బీచ్‌లో తడి ఇసుక మీద వేలితో సున్నాలు చుట్టించండి. పెన్సిల్ పట్టే బలం ఆ వేళ్లకు అలాగే వస్తుంది.

అపోహ: ఇంట్లో తెలుగు, స్కూల్లో ఇంగ్లీషు అయితే మాటలు ఆలస్యమవుతాయి.

మా క్లాసులో తెలుగు, ఒడియా, నేవీ కుటుంబాల హిందీ కలిసి వినిపిస్తాయి. రెండు మూడు భాషలు వినడం వల్ల మాటల లోపం రాదు. మీకు బాగా వచ్చిన భాషలోనే బిడ్డతో మాట్లాడండి. రెండేళ్లు నిండినా "అమ్మ రా", "పాలు కావాలి" అని రెండు మాటలు కలపకపోతే తప్పును భాషల మీదకు నెట్టి ఎదురుచూడొద్దు. పిల్లల డాక్టరుకు చూపించి, వినికిడి పరీక్ష చేయించండి.

అపోహ: సీసీ కెమెరాలుంటే చాలు, భద్రతకు లోటుండదు.

కెమెరా మంచిదే, కానీ అది పడబోయే బిడ్డను పట్టుకోదు. తల్లిదండ్రులు ముందుగా చెప్పకుండా వచ్చినా లోపలికి రానిచ్చే స్కూలును నమ్మండి.

అపోహ: కంపెనీ క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఇస్తే అది వాళ్ల దయ.

2017లో ప్రసూతి ప్రయోజన చట్టానికి చేసిన సవరణతో, 50 మంది లేదా అంతకు మించి ఉద్యోగులున్న సంస్థ క్రెష్ వసతి కల్పించాలన్నది చట్టమైంది. తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసి రావచ్చు, విశ్రాంతి సమయం కూడా ఆ నాలుగింట్లోనే కలుస్తుంది. 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది. ఉద్యోగంలో చేరేటప్పుడే ఈ సదుపాయాలన్నీ రాతపూర్వకంగా తెలియజేయాలని కూడా అదే 2017 సవరణ చెప్పింది. ఆ కాగితం మీకు అందకపోతే మీ హెచ్ఆర్‌ను అడగండి. ఒక్కరే వెళ్లడానికి బెరుకనిపిస్తే, మీ షిఫ్టులో చిన్నపిల్లలున్న మరో నలుగురిని కలుపుకుని మెయిల్ పెట్టండి. బిడ్డ పుట్టాక కాదు, సెలవు మీద వెళ్లే ముందే పెట్టండి.